హాస్టల్ కబుర్లూ జానపదమే

ప్రశ్న: నేను తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. మా హాస్టల్లో చెప్పుకునే కథలు, పరీక్షల నమ్మకాలు, అధ్యాపకులకు పెట్టే మారుపేర్లు సేకరించి ప్రాజెక్టుగా సమర్పించాలని ఉంది. ఇవి ఊసుపోక కబుర్లే తప్ప జానపదం కావని కొందరు అంటున్నారు. పైగా ఒకే కథను ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నారు. అసలు కథ ఏదో తేల్చడమెలా?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: తేల్చవలసిన పని లేదు, మూడింటినీ రాసుకోండి. నోటి మాటగా సాగే కథకు మూలప్రతి ఉండదు. ఎవరు, ఎక్కడ, ఏ సందర్భంలో, ఎవరికి చెబుతూ దాన్ని ఎలా మార్చుకున్నారన్నదే మీ పరిశోధనకు అసలు సరుకు.

మీరు వినే ఉండగల ఒక కథను చూడండి. నలుగురు స్నేహితులు చదవకుండా తిరిగి, దారిలో కారు టైరు పంక్చరైందని అబద్ధం చెప్పి, మరో రోజు పరీక్ష రాయడానికి అనుమతి తెచ్చుకుంటారు. లెక్చరరు వారిని నాలుగు గదుల్లో కూర్చోబెట్టి ఇచ్చిన ప్రశ్నపత్రంలో దాదాపు మార్కులన్నీ ఒక్క ప్రశ్నకే: ‘పంక్చరైనది ఏ టైరు?’ అమెరికా విశ్వవిద్యాలయాల్లోనూ ప్రచారంలో ఉన్న ఈ కథను మన దగ్గర సీనియర్ల బ్యాచ్‌లో జరిగినట్టుగా చెబుతారు. అది నిజంగా జరిగిందా అన్నది పక్కన పెట్టి, చెప్పినవారు లెక్చరరును మెచ్చుకుంటున్నారా, విద్యార్థుల మీద జాలి పడుతున్నారా, ఊరి పేరు, సబ్జెక్టు పేరు ఏం చెప్పారు అన్నవి గమనించండి.

ఇక జానపదం కాదన్న అభ్యంతరం సంగతి. ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు వంటివారు పల్లెల వైపు చూడడం ఆనాటి అవసరం. ఆ కృషి లేకపోతే ఎన్నో పాటలు మనకు దక్కేవి కావు. అయితే ఉమ్మడి లక్షణం ఒక్కటైనా ఉన్న ఏ బృందానికైనా తనదైన జానపదం ఉంటుందని అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో బోధించిన జానపద పరిశోధకుడు అలన్ డండిస్ వాదించారు. తన విద్యార్థుల చేతనే వారికి తెలిసిన కథలు, సామెతలు రాయించి పెద్ద భాండాగారాన్నే నిలబెట్టారు. ఒక్కో అంశంతో పాటు సందర్భాన్నీ, చెప్పినవారు ఇచ్చే అర్థాన్నీ నమోదు చేయించిన ఆయన పద్ధతి మీకు బాగా పనికివస్తుంది.

నమ్మకాలకూ కొదవ లేదు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరికతో 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేసే మొక్కుకు పై చదువులకు విదేశాలు వెళ్లే విద్యార్థుల వల్ల ఎంత పేరు వచ్చిందంటే, ఆ స్వామి ‘వీసా బాలాజీ’ అయ్యాడు. త్రికోణమితిలో ఏ పాదంలో ఏ నిష్పత్తికి ధన గుర్తు వస్తుందో మరచిపోకుండా ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అని వల్లించడం కూడా సేకరించదగినదే.

రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. బూతులు, వ్యాకరణ దోషాలు దిద్దకుండా విన్నది విన్నట్టే రాసుకోండి. అచ్చులో ఏవి వదలాలో తరువాత నిర్ణయించుకోవచ్చు. మారుపేర్ల దగ్గర మాత్రం అధ్యాపకుల అసలు పేర్లు బయటపెట్టకండి. ర్యాగింగ్ పాటలు చెప్పేవారికి అవి సరదా జ్ఞాపకాలు కావచ్చు, వాటిని బలవంతంగా పాడవలసి వచ్చినవారికి గాయం కావచ్చు. అందువల్ల ఇద్దరినీ విడివిడిగా అడగడం న్యాయం. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం మీ వరంగల్‌లోనే ఉంది కనుక, సేకరణ మొదలుపెట్టే ముందే అక్కడి అధ్యాపకులను కలిసి నమోదు పత్రం నమూనా చూపించి సలహా తీసుకోండి.