షావుకారు అరవనక్కరలేదు

మీ కథలో విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర బోటు యజమానులకు అప్పులిచ్చే షావుకారు ఎంత అరిచినా, ఎందరిని కొట్టించినా పాఠకుడికి భయం పుట్టడం లేదని రాశారు. అతని క్రూరత్వం చాలకపోవడం వల్ల కాదు, తాను చేసేది న్యాయమేనని అతను నమ్మడానికి కథలో ఒక్క ఆధారమూ లేకపోవడం వల్ల ఈ ఇబ్బంది వచ్చింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. కథను అక్కడ మొదలుపెట్టి చూడండి. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్న ఆ రోజుల్లో ఇంజను మరమ్మతుకూ, వలలకూ, ఇంటి ఖర్చుకూ అడిగిన వెంటనే డబ్బిచ్చేది అతనొక్కడే అయితే, అతను ముందుగా ఆపద్బాంధవుడిగానే పరిచయమవుతాడు. షరతు ఒక్కటే: వేట మొదలయ్యాక సరుకంతా అతని ద్వారానే అమ్మాలి. జూన్ చివర్లో, తెల్లవారుజామున వేలంపాట జరుగుతుండగా, అతను ఒక రొయ్యను చేతిలోకి తీసుకుని, తల నల్లబడిందని నెమ్మదిగా చెప్పి, ధర తగ్గించి, ఆ అంకె పద్దులో వేసుకుంటూ "పిల్లకి జ్వరం తగ్గిందా తమ్ముడూ?" అని అడగాలి. ఆ పరామర్శ నిజమైనదే కావాలి. నటన అయితే సన్నివేశం చప్పబడిపోతుంది.

కొట్టించే ఘట్టాలు తీసేయండి. ఒక్కటి ఉంచక తప్పదనుకుంటే, అతను ఓడిపోతున్న చోట ఉంచండి. చిన్ననాటి కష్టాల ఫ్లాష్‌బ్యాక్ మాత్రం నాకు బొత్తిగా గిట్టదు. దానికి బదులు మీ కథానాయకుడే ఒకసారి అతని ముందు చేయి చాచి, ఆ డబ్బుతో కొంత బాగుపడినట్టు రాయండి.