భిన్న అవకలన సమీకరణాలు: ‘ఉనికి’యా, ‘అస్తిత్వ’మా?

సందేహం: హైదరాబాదులో గణిత పరిశోధన చేస్తున్నాను. ఫ్రాక్షనల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లకు సాధనలు ఉన్నాయా అన్నది నా పరిశోధనాంశం. దాన్ని తెలుగులో ‘భిన్న అవకలన సమీకరణాల సాధనల ఉనికి’ అని రాస్తే, ‘వేరువేరు సమీకరణాలా?’ అని మిత్రులు అడిగారు. ఈ పేరు సరైనదేనా? ఇదే రంగంలో వచ్చే ‘డిఫరెన్షియల్ ఇన్‌క్లూజన్’లోని ‘ఇన్‌క్లూజన్’ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ మిత్రుల అనుమానం న్యాయమైనదే. ‘భిద్’ ధాతువు నుంచి వచ్చిన ‘భిన్న’ శబ్దానికి చీలినది అని మూలార్థం. బడిలో నేర్చుకొన్న భిన్నమూ, వేరైనది అనే అర్థమూ రెండూ అందులోంచి వచ్చినవే. అయితే సమాసంలో పూర్వపదంగా నిలిచినప్పుడు, ‘భిన్నాభిప్రాయాలు’ వంటి ప్రయోగాలకు అలవాటుపడిన మన చెవికి వేరైనది అనే అర్థమే ముందుగా తోస్తుంది. పైగా ఇక్కడ భిన్నమైనది సమీకరణం కాదు, అవకలజపు (డెరివేటివ్) క్రమం, అంటే ఎన్నిసార్లు అవకలనం చేశామన్నది. ఒకసారి, రెండుసార్లు అవకలనం చేసినట్టే అరసారి చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న 1695లో గణితవేత్తలు లోపితాల్, లైబ్నిజ్‌ల ఉత్తరాల్లోనే వచ్చింది. కాబట్టి ‘భిన్నక్రమ అవకలన సమీకరణాలు’ అనండి. క్రమం 2 యొక్క వర్గమూలం వంటి, భిన్నంగా రాయలేని కరణీయ సంఖ్య అయినా శాస్త్రంలో పాత పేరే నిలిచింది గనుక ‘భిన్న’ను తొలగించనక్కరలేదు. ‘అవకలనం’, ‘సాధన’ అనేవి హైదరాబాదులో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలతో ఇంటర్మీడియట్ విద్యార్థులకు అలవాటైన మాటలు. వాటిని కదిలించవద్దు.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీ శీర్షికలోని ‘ఉనికి’. ‘ఉండు’ నుంచి పుట్టిన ఈ చక్కని తెలుగు మాటను వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది. కాని దానికి ఉండటం అనే అర్థంతో పాటు ఉన్న చోటు అనే అర్థమూ ఉంది. ‘అతని ఉనికి తెలియరాలేదు’ అంటే అతడు లేడని కాదు, ఎక్కడున్నాడో తెలియదని. మీరు వాడే సిద్ధాంతాల్లో చాలావాటి స్వభావం సరిగ్గా ఇదే: 1930 నాటి షౌడర్ స్థిరబిందు సిద్ధాంతం (ప్రమేయం కదిలించని బిందువు ఉంటుందని చెప్పేది) సాధన ఉందని నిరూపించడానికి తోడ్పడుతుంది గాని, దానిని పట్టుకొనే దారి చూపదు. ఉందని మాత్రమే చెప్పి, ఎక్కడుందో చెప్పని ఫలితానికి రెండర్థాలూ మోసే మాట తగదు. ‘అస్తి’ నుంచి వచ్చిన ‘అస్తిత్వం’లో చోటు ప్రసక్తి లేదు కాబట్టి శీర్షికలో దానినే వాడండి. వాక్యంలో మాత్రం ‘ఒక సాధన ఉంది’ అని వదిలేయకుండా, షౌడర్ పద్ధతిలో వచ్చిన చోట ‘కనీసం ఒక సాధన ఉంటుంది’ అనీ, బనాఖ్ స్థిరబిందు సిద్ధాంతంతో ఏకైకత కూడా తేలిన చోట ‘ఒకే ఒక సాధన ఉంటుంది’ అనీ రాయాలి. ఆ ‘ఏ’కారం మీద ఒక సిద్ధాంతమంత బరువుంది.

ఇక ‘ఇన్‌క్లూజన్’లో అవకలజం ఒక విలువకు సమానం కాదు, ఒక సమితికి చెందుతుంది. సమం చేయడం లేనిచోట ‘సమీకరణం’ అనకూడదు. ‘చేరిక’ అందామా అంటే అది చేరే క్రియను చెబుతుంది; ఇక్కడ ఉన్నది లోపల ఉండే స్థితి. అందువల్ల ‘అవకలన అంతర్భావం’ అని సూచిస్తున్నాను. మొదటిసారి వాడిన చోట పక్కనే ‘డిఫరెన్షియల్ ఇన్‌క్లూజన్’ అని తెలుగు లిపిలో ఇవ్వండి.