కారు ఇంటి సామాను కాదు: బ్రిటన్ నుంచి సొంత వాహనం తెచ్చుకోవాలంటే

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నాం. ఈ ఆగస్టులో ఇక్కడి నుంచి బయలుదేరి విజయవాడలో శాశ్వతంగా స్థిరపడాలనుకుంటున్నాం. 2023 నవంబరులో 36 వేల పౌండ్లకు కొత్త కారు కొన్నాం. జపాన్‌లో తయారైన బండి, రెండు లీటర్ల పెట్రోలు ఇంజిను. వాయిదాలు ఇంకా కొన్ని మిగిలాయి. మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆ కారులోనే, అందుకే అమ్మడానికి మనసు రావడం లేదు. స్టీరింగు ఎలాగూ కుడివైపే ఉంది. ఇంటి సామానుతో పాటు కంటెయినర్‌లో పెట్టి విశాఖ రేవుకు పంపితే సుంకం లేకుండా తెచ్చుకోవచ్చా? భారత్-బ్రిటన్ ఒప్పందం వల్ల కార్ల మీద సుంకం తగ్గిందని విన్నాం, అది మాకు వర్తిస్తుందా? బిల్లులో ధర తగ్గించి, మా ఆవిడ పేరు మీద తెప్పిస్తే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. అలా చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పాప సంగతి. అందుకే ముందు మనసులో మాట చెప్పేస్తాను. ఆ కారును అక్కడే మంచి ధరకు అమ్మి రండి. ఎందుకలా అంటున్నానో చదివాక కూడా తేవాలనే అనిపిస్తే, ఏ పని ముందు చేయాలో కూడా చెబుతాను.

విదేశాల్లో చాలాకాలం ఉండి తిరిగి వచ్చేవారికి వాడిన ఇంటి సామాను మీద సుంకం రాయితీ ఉంది. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటివి పరిమితులకు లోబడి ఆ లెక్కలోకి వస్తాయి. కారు మాత్రం రాదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం సెక్షన్ 2(3)లో ప్రయాణికుల సామాను అంటే ఏమిటో నిర్వచిస్తూ, వాహనాలు అందులోకి రావని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీరు తొమ్మిదేళ్లు ఉన్నా, ఇరవై ఏళ్లు ఉన్నా ఆ వాక్యం మారదు. స్థిరపడటానికి వచ్చేవారికి కార్ల విషయంలో వెసులుబాటు ఉందని ఎవరైనా చెబితే, అది సుంకం మాఫీ గురించి అయి ఉండదని గట్టిగా నమ్మండి. కారును అదే కంటెయినర్‌లో పెట్టినా దానికి విడిగా బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన పత్రం) వేయాలి, పూర్తి సుంకం కట్టాలి.

ఇక వాడిన కార్ల దిగుమతి నిబంధనలు. తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు రోడ్డుకు ఎడమవైపు నడిచే పద్ధతికి తగినట్లు పడాలి. దిగుమతి అయిన నాటి నుంచి కనీసం అయిదేళ్లు నడిచే స్థితిలో ఉండాలి, ఆ అయిదేళ్లూ సర్వీసుకు ఏర్పాటు ఉండాలి. ఇలాంటి కార్లు ముంబయి రేవు నుంచి మాత్రమే రావాలి, కాబట్టి విశాఖ ఆలోచన వదిలేయండి. స్టీరింగు, హెడ్‌లైట్ల విషయంలో మీకు ఇబ్బంది లేదు, బ్రిటన్‌లోనూ ఎడమవైపే నడుపుతారు. (దుబాయి, అమెరికా నుంచి అడిగేవారికి ఇక్కడే దారి మూసుకుపోతుంది, అక్కడి కార్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది.) స్పీడోమీటరు మాత్రం చూసుకోండి. బ్రిటన్ కార్లలో పెద్ద అంకెలు మైళ్లలో ఉంటాయి. డిజిటల్ తెర అయితే సెట్టింగుల్లో కిలోమీటర్లకు మారుతుంది. ముల్లు తిరిగే డయల్ అయితే దాన్నే మార్చాల్సి రావచ్చు.

అన్నింటికన్నా ప్రమాదం ఆ మూడేళ్ల నిబంధనలో ఉంది. మీరు కొన్నది 2023 నవంబరులో కాబట్టి 2026 నవంబరు దాకా గడువు ఉందనుకుంటున్నారు. లెక్క కొన్న తేదీ నుంచి కాదు, తయారైన తేదీ నుంచి. జపాన్ ఫ్యాక్టరీలో తయారై, ఓడెక్కి, ఇంగ్లండ్ రేవులో దిగి, షోరూములో నిలబడి మీ చేతికి వచ్చేసరికి కొన్ని నెలలు గడిచి ఉంటాయి. మీ దగ్గరున్న వీ5సీ లాగ్‌బుక్కులో (బ్రిటన్ రిజిస్ట్రేషను పుస్తకం) కనిపించేది మొదటి రిజిస్ట్రేషను తేదీ. అది తయారీ తేదీ కాదు. బండి 2023 జులైలో తయారై ఉంటే, మీరు ఆగస్టులో బయలుదేరే సమయానికే గడువు దాటిపోయి ఉంటుంది. సముద్ర ప్రయాణం ఇంకా కొన్ని వారాలు.

న్యూజిలాండ్ నుంచి తిరిగి వచ్చిన నా కక్షిదారు ఒకరు ఇక్కడే చిక్కుకున్నారు. ముంబయిలో కారును తనిఖీ చేసిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. అధికారి బానెట్ ఎత్తలేదు, కాగితాలూ అడగలేదు. వెనుక సీటు తలుపు తీసి, సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగి, కింది అంచున కుట్టిన చిన్న తెల్ల గుడ్డ ముక్కను తిప్పి చదివారు. బెల్టు తయారైన నెల, సంవత్సరం దాని మీద ఉన్నాయి. తర్వాత అద్దాల మూలల్లోని గుర్తులు చూశారు. రిజిస్ట్రేషను కాగితం ఒక సంవత్సరం చెబుతుంటే, బండి ఒళ్లంతా అంతకు ముందు సంవత్సరమే కనిపించింది. తయారీదారు నుంచి ఉత్తరం తెప్పిస్తే అదే తేలింది. నాలుగు నెలల పాటు రేవులో డెమరేజి (సరుకు ఆలస్యంగా విడిపించుకుంటే పడే రుసుము) పెరుగుతూ పోయింది. అన్నీ చూసుకుంటానని మాట ఇచ్చిన ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. చివరికి ఆయన జరిమానా కట్టి, కారును తిరిగి ఓడెక్కించి పంపేశారు. అంత ఖర్చు పెట్టి కూడా ఆ కారులో ఒక్క కిలోమీటరు తిరగలేదు. ఆయన భార్య ఆ రోజు నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "ఈ సంగతి కారు ఓడెక్కే ముందు ఎవరూ ఎందుకు చెప్పలేదండీ?" అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ఈ రోజే సీటుబెల్టు లాగి చూడండి. అది తుది సాక్ష్యం కాదు గానీ మీకు ఒక అంచనా వస్తుంది. తర్వాత ఛాసిస్ నంబరు రాసి, బండి ఏ తేదీన తయారైందో తెలిపే ఉత్తరం తయారీదారు నుంచి తీసుకోండి. ఆ ఉత్తరం రాకుండా ఓడ బుక్ చేయవద్దు.

ఇప్పుడు డబ్బు లెక్క. మీరు చూపించే బిల్లునే కస్టమ్స్ వారు అలాగే ఒప్పుకుంటారనుకోవద్దు. సాధారణంగా ఆ మోడల్ కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని, తరుగు తీసేస్తారు: మొదటి ఏడాది మూడు నెలలకు 4 శాతం చొప్పున, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది రెండున్నర శాతం. లెక్క కోసం రెండున్నరేళ్ల బండి అనుకుంటే తరుగు 33 శాతం అవుతుంది. మీ 36 వేల పౌండ్లలో అది పోతే 24,120 పౌండ్లు. పౌండుకు 115 రూపాయలు అనుకుంటే సుమారు 27 లక్షల 74 వేలు. దానికి ఓడ కిరాయి, బీమా కలుపుతారు. లెక్క తేలికగా ఉండటానికి మొత్తం 30 లక్షలు అనుకుందాం.

వాడిన కారు మీద మూల కస్టమ్స్ సుంకం 70 శాతం, దానిపై వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 67.5 శాతం. రెండూ కలిపి 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో సుంకం 125 నుంచి 70కి తగ్గిందన్న వార్త చూసి చాలామంది సంబరపడ్డారు. సెస్సు కలిశాక మొత్తం మునుపటి 137.5 దగ్గరే నిలిచింది. మీ విషయంలో అది 41 లక్షల 25 వేలు. ఇప్పుడు విలువ, సుంకం కలిపి 71 లక్షల 25 వేలు అయింది. దాని మీద ఐజీఎస్టీ (దిగుమతులపై పడే జీఎస్టీ). 2025 సెప్టెంబరు 22 నుంచి మీ కారులాంటి పెద్ద కార్లకు 40 శాతం, అంటే మరో 28 లక్షల 50 వేలు. సుంకం మీద కూడా పన్ను పడుతుందని గమనించండి. రేవు గేటు దాటడానికే మీరు కట్టాల్సింది 69 లక్షల 75 వేలు. 30 లక్షల బండి విలువ కోటి రూపాయలకు పాతిక వేలు తక్కువకు చేరుతుంది.

ఇంకా విజయవాడ రాలేదు. రాష్ట్రంలో రిజిస్టరు చేయించేటప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టాలి. దిగుమతి చేసిన కారుకు ఆ పన్నును కస్టమ్స్ సుంకం కూడా కలిపిన విలువ మీదే లెక్కిస్తారు, ఖరీదు పెరిగే కొద్దీ శాతమూ పెరుగుతుంది. 18 శాతం అనుకున్నా మరో 18 లక్షలు. రేవులో కట్టిన ప్రతి రూపాయి మీదా ఇక్కడ మళ్లీ పన్ను కట్టినట్టు ఉంటుంది. బయలుదేరే ముందు ఆర్టీవో కార్యాలయంలో ప్రస్తుత శాతం రాతపూర్వకంగా కనుక్కోండి.

భారత్-బ్రిటన్ ఒప్పందం గురించి. 2025 జులై 24న బ్రిటన్‌లో సంతకాలు జరిగాయి, కార్ల మీద తగ్గింపులు ఉన్న మాట నిజమే. అయితే అవి కోటా పరిమితులతో వచ్చేవి. ఇలాంటి ఒప్పందాల్లో చూసేది ఎక్కడ కొన్నారన్నది కాదు, ఎక్కడ తయారైందన్నది. మీ బండి జపాన్‌లో తయారైంది. ఇంగ్లండ్‌లో మూడేళ్లు తిరిగినంత మాత్రాన అది బ్రిటన్ వస్తువు కాదు.

మీ మిత్రుడి సలహా. దయచేసి ఆ మాట ఇక ఎత్తవద్దు. ధర తగ్గించి చూపితే కారును జప్తు చేయడానికి కస్టమ్స్ చట్టంలో సెక్షన్ 111, జరిమానాకు సెక్షన్ 112, ఎగవేసిన సుంకంతో సమానమైన పెనాల్టీకి సెక్షన్ 114ఏ ఉన్నాయి. అబద్ధపు ప్రకటన అయితే సెక్షన్ 132 కింద రెండేళ్ల వరకు జైలు. ఎగవేత 50 లక్షలు దాటితే సెక్షన్ 135 కింద ఏడేళ్ల దాకా పడవచ్చు. మోసం ఉన్నచోట అయిదేళ్ల వెనక్కి వెళ్లి సుంకం అడిగే అధికారం కూడా అధికారులకు ఉంది. మీ ఆవిడ పేరు మీద తెప్పిస్తే సుంకం ఒక్క రూపాయి తగ్గదు, కేసు మాత్రం ఆమె పేరు మీద పడుతుంది. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో భూటాన్ మీదుగా వచ్చిన ఖరీదైన కార్ల కోసం ఇళ్లు, షోరూములు తనిఖీ చేశారు. 

వాయిదాల సంగతి కూడా ముఖ్యం. బ్రిటన్‌లో చాలామంది కొనే పద్ధతిలో చివరి మొత్తం కట్టేదాకా కారు యజమాని ఫైనాన్స్ సంస్థే. వారి అనుమతి లేకుండా దేశం దాటిస్తే అక్కడి చట్టం కింద ఇబ్బంది వస్తుంది. అప్పు పూర్తిగా తీర్చి, తీరినట్లు ఉత్తరం చేతిలో పెట్టుకోండి. తర్వాత లాగ్‌బుక్కులోని శాశ్వత ఎగుమతి భాగాన్ని నింపి డీవీఎల్‌ఏకు (బ్రిటన్‌లో వాహనాల రిజిస్ట్రేషను చూసే సంస్థ) తెలియజేయాలి.

ఇంత విన్నాక కూడా తేవాలనుకుంటే ఈ వరుస తప్పకండి. తయారీ తేదీ ఉత్తరం మొదట. తర్వాత ఫైనాన్స్ విడుదల. ఆపై, మన మోటారు వాహనాల నిబంధనలకు అనుగుణంగా ఉందని ఓడెక్కే ముందే పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం, తయారీ సమయంలో ఆ మోడల్‌కు వచ్చిన మూల అనుమతికి బండి సరిపోతుందనే పత్రం తెచ్చుకోవాలి. ముంబయిలో దిగాక, విడుదలకు ముందు, పుణెలోని ఏఆర్‌ఏఐ, అహిల్యానగర్‌లోని (మునుపటి అహ్మద్‌నగర్) వీఆర్‌డీఈ వంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్ష ఉంటుంది. సొంత వాడకానికి దిగుమతి ఎగుమతి కోడ్ అవసరం లేదు. క్లియరింగ్ ఏజెంటు నుంచి ఖర్చులన్నీ రాతలో తీసుకోండి, నోటి మాట మీద అడ్వాన్సు ఇవ్వవద్దు. సుంకం డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉన్నాకే ఓడ ఎక్కించండి. దిగిన 30 రోజుల్లో విడిపించుకోకపోతే సెక్షన్ 48 కింద నోటీసు ఇచ్చి అమ్మేసే అధికారం రేవు నిర్వాహకులకు ఉంది. సుంకం చూసి భరించలేమనిపిస్తే, విడుదల ఉత్తర్వు రాకముందే సెక్షన్ 23 కింద కారు మీద హక్కు వదులుకోవచ్చు, అప్పుడు సుంకం కట్టనక్కర్లేదు. తప్పు ప్రకటన ఏదైనా బయటపడితే ఆ దారి కూడా ఉండదు.

విడుదలయ్యాక బిల్ ఆఫ్ ఎంట్రీ, కస్టమ్స్ క్లియరెన్సు పత్రం, బీమా పెట్టుకుని ఫారం 20తో విజయవాడ ఆర్టీవోలో దరఖాస్తు చేయాలి. ఆ మోడల్ మన దగ్గర అమ్మకంలో లేకపోతే బంపరు పగిలిన ప్రతిసారీ విడిభాగం కోసం ఓడ వైపే చూడాల్సి వస్తుంది. బీమా సంస్థలతో కూడా ముందే మాట్లాడండి.

పాపను కూర్చోబెట్టిన పిల్లల సీటు (కారు సీటుకు బిగించేది) సంగతి వేరు. అది వాహనం కాదు, వాడిన ఇంటి సామానే. నిశ్చింతగా మీ సామానులో పెట్టుకోండి, ప్యాకింగు జాబితాలో దాని పేరు రాయించండి. ఇక్కడ కొనే కారు వెనుక సీట్లో ఐసోఫిక్స్ కొక్కాలు (పిల్లల సీటును బిగించేవి) ఉన్నాయో లేదో చూసి, ఆ సీటును ఒకసారి బిగించి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.