దత్తత కోసం చందాలు ఎత్తొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా ఆడపడుచువాళ్ళు మన దేశం నుంచి పాపని దత్తత తీసుకుందామనుకుంటున్నారండి, ఖర్చు ఎక్కువ అంటున్నారు, అందుకని ఇక్కడ చర్చిలో కానుక ఎత్తి పంపుదామని మా ఆయన. ఒకాయనైతే లక్ష ఇస్తే డైరెక్టుగా బిడ్డనే ఇప్పిస్తానన్నాడు. ఏం చెయ్యమంటారు? - ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ లక్ష మనిషిని గుమ్మం దగ్గరే ఆపండమ్మా. బిడ్డని కొనడం అమ్మడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం, ఐదేళ్ళ దాకా జైలు. విదేశీ దత్తత ఏదైనా కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారానే, అంటే వాళ్ళు అక్కడి గుర్తింపు ఉన్న ఏజెన్సీకి అప్లై చేస్తే అది హోమ్ స్టడీ (వాళ్ళ ఇంటి పరిస్థితుల విచారణ) చేసి ఆ రిపోర్టు ఇక్కడికి పంపుతుంది. ఇక్కడి దత్తత సంస్థకి కట్టేది 5,000 డాలర్లు, మిగతాదంతా అక్కడి ఏజెన్సీ, లాయర్, ప్రయాణాల ఖర్చే. ఒకప్పుడు మన క్రైస్తవులకి గార్డియన్‌షిప్పే (సంరక్షకులుగా ఉండటమే, చట్టం దృష్టిలో సొంత బిడ్డ కాదు) దిక్కు, ఇప్పుడు ఈ చట్టంతో పూర్తి దత్తతే.

కానుక తప్పేం కాదు గానీ వాళ్ళు సంపాదించేది డాలర్లలో కదా, అక్కడి సంఘమే ఎత్తుకుంటే తేలిక (మీ ఆయనకి ఈ మాట నచ్చకపోవచ్చు). ఎవరు ఎత్తినా లెక్క రాసి పెట్టండి, పాప ఫోటో మాత్రం కరపత్రం మీదా వాట్సాప్‌లోనూ వెయ్యొద్దు, అదీ నేరమే.