ప్రింటరు పెట్టెలో పెట్టకండి

ఈసారి జూలైలో మా ఊరొచ్చాను. పాలకొల్లుకి దగ్గర్లో, కాలువగట్టు మీద ఊరు. గోదారికి ఎర్రనీళ్ళు తగిలాయి, చేలల్లో నాట్లు పడుతున్నాయి. మా ఎదురింట్లో మాత్రం సూట్‌కేసుల తూకం నడుస్తోంది. వాళ్ళమ్మాయి ఎం.ఎస్. చదవడానికి డాలస్ వైపు వెళ్తోంది. రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువుంది. మేత తూచే కాటా తెచ్చి వీధరుగు మీద పెట్టి, ఒక్కో వస్తువూ తూచి మరీ సర్దుతున్నాడు.

"అక్కయ్యగారూ, చిన్న ప్రింటరొకటి పెట్టేస్తానండి. అక్కడ కాయితానికెంత గుంజుతారో ఏంటో! రూములో నెట్టు పెట్టించుకునేదాకా ఈ పిల్ల ఏం చేస్తుందో కూడా తెలీట్లేదండి."

ప్రింటరు వద్దన్నాను. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. పైగా ఆ ఆరు కిలోలకి కందిపొడి, గోంగూర పచ్చడి వస్తాయి. రెండు పనులకీ లైబ్రరీకి పొమ్మన్నాను. ఆయన నవ్వాడు. "లైబ్రరీ అంటే రిటైరైన మేస్టార్లు పేపరు చదువుకునే చోటు కదండీ."

ఆయన్ని ఏమనగలను? 18 ఏళ్ళ క్రితం డిపెండెంట్ వీసా మీద వెళ్ళినప్పుడు నేనూ అంతే. ఉన్న ఒక్క కారూ మావారు ఆఫీసుకి తీసుకెళ్ళిపోయేవారు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇస్తామన్న కంపెనీ వాళ్ళు ఇవాళ, రేపు అంటూ తిప్పారు. ఇంటికి 20 నిమిషాల నడకలో సిటీ లైబ్రరీ ఉంది. రోజూ దాని ముందు నుంచే కూరలకి వెళ్ళేదాన్ని. లోపలికెళ్ళడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. పాస్‌పోర్టు అడుగుతారేమో, మీరు ఈ దేశం వాళ్ళు కాదు కదా అంటారేమో అని టెన్షన్. దానికంటే లోతుగా ఇంకోటుంది, సిగ్గు. ఊరికే వస్తోందంటే లేనివాళ్ళ కోసం పెట్టిందే అయుంటుంది, మనం వెళ్ళి చెయ్యి చాపడమేంటి అనిపించేది. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లల్లోనూ అదే చూస్తున్నాను. కాఫీ షాపులో ఐదు డాలర్ల కాఫీ కొని, దాన్ని మూడు గంటలు తాగుతూ వైఫై వాడుకుంటారు. పక్క వీధిలో లైబ్రరీ ఖాళీగా ఉంటుంది.

అందుకే ఆ అమ్మాయికి ముందు చెప్పింది లైబ్రరీ కార్డు గురించి కాదు, ఫోన్ బిల్లు గురించి. "మొదటి నెల బిల్లు వచ్చాక కిందిదాకా చదువమ్మా. పన్నులూ ఛార్జీలూ ఉన్నచోట ఫెడరల్ యూనివర్సల్ సర్వీస్ ఛార్జ్ అని ఒక లైను కనిపించొచ్చు. కొన్ని ప్లాన్లలో విడిగా చూపించరు, ధరలోనే కలిపేస్తారు. లైబ్రరీలో నెట్టుకి నువ్వు డబ్బు కట్టేది అక్కడే."

ఆ లైను కథ ఇదీ. 1996లో అమెరికాలో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య నడిచే కాల్స్ మీద వచ్చే రాబడిలో ఫోన్ కంపెనీలు కొంత వాటా యూనివర్సల్ సర్వీస్ ఫండ్‌కి కట్టాలి. కంపెనీలు ఊరుకుంటాయా, ఆ భారం తెచ్చి మన బిల్లులో వేస్తాయి. ఇండియాకి కాలింగ్ కార్డులు గీకి మాట్లాడిన రోజుల్లో మేమూ ఆ హుండీలో వేసినవాళ్ళమే. ఆ నిధిలోంచి స్కూళ్ళకీ లైబ్రరీలకీ ఇంటర్నెట్ బిల్లుల్లో రాయితీ ఇస్తారు. దాన్ని ఈ-రేట్ అంటారు. ఎఫ్‌సీసీ అనే కేంద్ర సంస్థ దీనికి పెద్ద. రాయితీ 20 శాతం నుంచి 90 శాతం దాకా ఉంటుంది.

ఏ లైబ్రరీకి ఎంతన్నది ఎలా తేలుస్తారో వింటే మావాళ్ళకి ముచ్చటేసింది. ఆ చుట్టుపక్కల స్కూళ్ళలో ఎంతమంది పిల్లలకి ఉచితంగానో తక్కువ ధరకో మధ్యాహ్న భోజనం పెట్టాల్సి వస్తోందో చూస్తారు. అలాంటి పిల్లలు ఎక్కువగా ఉంటే లైబ్రరీకి రాయితీ పెరుగుతుంది. పల్లెటూరైతే ఇంకాస్త కలుస్తుంది. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు ఇప్పుడు మన బడి భోజనానికి పెట్టుకున్నాం. ఆ లెక్కన అక్కడ పిల్లల కంచం చూసి లైబ్రరీ నెట్టు ధర కడుతున్నారన్నమాట. నాకు నచ్చిన లెక్క ఇది.

ఈ రాయితీ రెండు భాగాలు. మన కాలువలతో చెప్తేనే ఆయనకి ఎక్కింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలువ తవ్వినంత మాత్రాన చేలో నీళ్ళు పడవు. తూము కావాలి, బోదె కావాలి. లైబ్రరీ గుమ్మం దాకా ఇంటర్నెట్ తెచ్చే ఖర్చు మొదటి భాగం, అది కాలువ. లోపల తీగలు, వైఫై పెట్టెలు రెండో భాగం, అది బోదె. రెండోదానికి రాయితీ 85 శాతం దాటదు. 2014లో ఎఫ్‌సీసీ కొలతలు కూడా చెప్పింది. 50 వేల లోపు జనాభాకి పనిచేసే లైబ్రరీకి సెకనుకి 100 మెగాబిట్ల వేగం, అంతకంటే పెద్దదానికి ఒక గిగాబిట్ ఉండాలని లక్ష్యం పెట్టుకుంది.

అయితే నీళ్ళందని శివారు చేల సంగతి అక్కడా ఉంది. కోవిడ్ టైములో 2021లో 717 కోట్ల డాలర్లతో ఎమర్జెన్సీ కనెక్టివిటీ ఫండ్ పెట్టారు. ఇంటికి తీసుకెళ్ళే హాట్‌స్పాట్‌లు (వైఫై ఇచ్చే చిన్న పెట్టెలు), ల్యాప్‌టాప్‌లు పుస్తకాల్లాగే ఇచ్చేవాళ్ళు. 2024 జూన్‌తో ఆ నిధి అయిపోయింది. తర్వాతి నెలలో హాట్‌స్పాట్‌లని ఈ-రేట్‌లోకి తెస్తూ ఎఫ్‌సీసీ నిర్ణయం తీసుకుంది, 2025 సెప్టెంబర్‌లో అదే ఎఫ్‌సీసీ వెనక్కి లాగేసింది. సొంత డబ్బుతో నడిపే ఊళ్ళలో ఇంకా ఇస్తున్నారు, క్యూ మాత్రం పెద్దది. నాలుగేళ్ళ క్రితం వెళ్ళిన మీ సీనియర్ "లైబ్రరీ వాళ్ళు హాట్‌స్పాట్ ఇస్తారు, నెట్టు పెట్టించుకోకు" అంటే ఆ మాట పట్టుకుని కూర్చోకండి. వెళ్ళి అడగండి, దొరికితే అదృష్టం. తక్కువ ఆదాయం వాళ్ళకి నెలకి 30 డాలర్ల ఇంటర్నెట్ సాయం అని ఇంకోటుండేది, అది కూడా 2024లోనే ఆగిపోయింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి వివరాలు అడిగే ఫోన్లొస్తాయి. అవి దొంగ ఫోన్లు, పెట్టేయండి.

ఇంకో దారిలోనూ కేంద్రం డబ్బు వస్తుంది. 1996లోనే లైబ్రరీ సేవలు, టెక్నాలజీ కోసం వేరే చట్టం చేశారు. ఐఎంఎల్ఎస్ అనే సంస్థ జనాభాని బట్టి రాష్ట్రాల లైబ్రరీ శాఖలకి గ్రాంటు పంచుతుంది. కేంద్రం 66 శాతం పెడితే రాష్ట్రం 34 శాతం వేసుకోవాలి. వేరే ఊరి లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించడం, ఈ-బుక్స్, కంప్యూటర్ క్లాసులు చాలాచోట్ల ఈ డబ్బుతోనే. 2025 మార్చిలో ఆ సంస్థని చట్టం అనుమతించినంత మేరకి కుదించమని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. 21 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ఆ గొడవలో కొన్ని రాష్ట్రాల్లో ఈ-బుక్స్, పుస్తకాల మార్పిడి నిలిచిపోయాయి. ఏదైనా సేవ హఠాత్తుగా ఆగిపోతే కౌంటర్ దగ్గరమ్మాయి మీద విసుక్కోవద్దు, తప్పు ఆవిడది కాదు. గ్రాంటంటే ఎక్కడైనా అంతే, జీవో మారితే కథ మారుతుంది.

ఇక అమ్మాయి అడిగిన ప్రశ్నలు. "అత్తయ్యగారూ, కార్డుకి వీసా చూపించాలా?" అక్కర్లేదమ్మా. ఫోటో ఉన్న ఐడీ, నువ్వక్కడే ఉంటున్నావని చూపే కాయితం, అంటే రూము లీజో కరెంటు బిల్లో అడుగుతారు. లీజులో నీ పేరు లేకపోతేనే చిక్కు. ఆరుగురు ఉండే రూములో ఇద్దరి పేర్లే రాయించుకుంటారు మనవాళ్ళు. రూము మాట్లాడుకున్నప్పుడే నీ పేరు చేర్పించమను. అది లైబ్రరీకే కాదు, బ్యాంకుకీ డ్రైవింగ్ లైసెన్సుకీ పనికొస్తుంది.

టెక్సస్‌లో ఇంకో మెలికుంది. చాలా లైబ్రరీలు సిటీవి, ఆ సిటీ పన్నులతో నడుస్తాయి. మీ అపార్ట్‌మెంట్ రోడ్డుకి అవతలి పక్కనుంటే వేరే సిటీ కిందికి పోవచ్చు. అప్పుడు బయటి ఊరివాళ్ళ రుసుము అడిగే లైబ్రరీలున్నాయి. డబ్బు కట్టేముందు మీ అడ్రసు ఏ సిటీ కిందికొస్తుందో చూసుకుని అక్కడి కార్డు తీసుకో. తర్వాత మీ లైబ్రరీలోనే టెక్స్‌షేర్ కార్డు అడుగు. అందులో చేరిన ఇతర లైబ్రరీల్లో కూడా పుస్తకాలు తీసుకోవచ్చు. కార్డు చేతికొచ్చేలోపు కంప్యూటర్ కావాలంటే గెస్ట్ పాస్ అడుగు, చాలాచోట్ల ఇస్తారు. మీ అమ్మా నాన్నా చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళకీ అదే.

ప్రింటు పేజీకి కొన్ని సెంట్లే. వైఫై పార్కింగ్ దాకా అందే లైబ్రరీలు చాలా ఉన్నాయి, మూసేశాక కూడా మెట్ల మీద కూర్చుని వాడుకోవచ్చు. ఫోన్ ఇంటర్వ్యూ ఉంటే స్టడీ రూము ముందే బుక్ చేసుకో, నలుగురు రూమ్మేట్ల కుక్కర్ విజిళ్ళ మధ్య ఇంటర్వ్యూ ఇచ్చి పాడుచేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. లైబ్రరీ కంప్యూటర్లో బ్యాంకు, వీసా అకౌంట్లు వీలైనంత వరకు తెరవకు. తప్పకపోతే లాగౌట్ చేసి, సెషన్ ముగించి, డౌన్‌లోడ్ చేసిన పాస్‌పోర్టు కాపీ తుడిచి మరీ లే. నా పక్క కుర్చీలో ఒకసారి ఎవరిదో ఐ-20, అంటే స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే కాయితం, స్క్రీన్ మీదే ఉండిపోయింది. పిల్లవాడు బస్సెక్కేశాడు.

ఏదైనా సైటు తెరుచుకోకపోతే కంగారుపడకు. 2000లో పిల్లల ఇంటర్నెట్ రక్షణ చట్టం వచ్చింది, ఇంటర్నెట్ మీద ఈ-రేట్ రాయితీ తీసుకునే లైబ్రరీ ఫిల్టరు పెట్టాల్సిందే. 2003లో సుప్రీంకోర్టు కూడా అది సరేనంది. ఆ ఫిల్టరు ఒక్కోసారి ఆసుపత్రి సమాచారాన్నీ ఆపేస్తుంది. పెద్దవాళ్ళు చదువుకోసమో, చట్టబద్ధమైన ఇంకో పనికోసమో తీయమని అడగొచ్చు. మనవాళ్ళు అడగరు, ఏమనుకుంటారో అని లేచొచ్చేస్తారు.

ఇవన్నీ తూకం ఆపేసి వింటున్నాడాయన. చివరికి అసలు ప్రశ్న వేశాడు. "మరి మన లైబ్రరీకి ఇలాంటివేం లేవాండీ?"

ఆ ప్రశ్నకి కొంచెం గట్టిగానే బదులిచ్చాను. ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్యగారు పుట్టింది మన గోదారి జిల్లాలోనే, కొంకుదురులో. 1914లోనే గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. 1960 చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి. వాటికి ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల సెస్సు వెళ్ళాలి. ఫోన్ల వైపు చూస్తే, కంపెనీల సవరించిన రాబడిలో 5 శాతం సార్వత్రిక సేవా నిధికి జమవుతుంది. పల్లెలకి ఫైబర్ వేసే భారత్‌నెట్ ఖర్చు దాన్నుంచే. 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. అమెరికాలో ఉన్న ఏర్పాటే దాదాపు మనకీ ఉంది. కాలువుంది, బోదె దగ్గరే ఆగిపోతోంది. మా చుట్టాల ఊళ్ళో ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్తే కంప్యూటరుకి ప్లాస్టిక్ తొడుగు తీయలేదు. నెట్టు బిల్లు ఎవరు కట్టాలో తేలక అలాగే ఉంచారట.

అడగడానికి దారులున్నాయి. 1972లో కోల్‌కతాలో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ గ్రంథాలయాలకి సాయం చేస్తుంది, స్వచ్ఛంద సంస్థలు నడిపేవాటికి కూడా. అది రాష్ట్ర లైబ్రరీ కమిటీ ద్వారా నడవాలి, కాయితాలు ఓపిగ్గా పెట్టే మనిషుండాలి. అక్కడా అంతే. ఈ-రేట్ కోసం కావాల్సినవి రాసి ఫారం 470 పెట్టి, కంపెనీల ధరల కోసం కనీసం 28 రోజులు ఆగి, తర్వాత ఫారం 471 పెట్టాలి. ఒక్క ఉద్యోగి ఉన్న లైబ్రరీలు కొన్ని ఆ చాకిరీకి జడిసి అసలు దరఖాస్తే పెట్టవు. మన దగ్గర 2020 చివర్లో వచ్చిన పీఎం-వాణి పథకం కింద కిరాణా కొట్టువాడు కూడా లైసెన్సు లేకుండా పబ్లిక్ వైఫై నడపొచ్చు. గ్రంథాలయం పక్కన కొట్టువాళ్ళెవరైనా పూనుకున్నా పిల్లలకి పనికొస్తుంది.

"మీరే పది కంప్యూటర్లు కొని పంపెయ్యొచ్చు కదండీ" అన్నాడు. ఇది ఎన్నారైలందరూ వినాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. నాలా అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపింది విదేశీ విరాళమే. తీసుకునే సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి ఉండాలి. నేను తెలీక మా యువజన సంఘానికి పంపబోతుంటే మా తమ్ముడు ఆపాడు. లేకపోతే మంచికి పోయి వాళ్ళని కోర్టుల చుట్టూ తిప్పేదాన్ని.

ఆయన లోపలికెళ్ళి ఇంటి పన్ను రసీదు తెచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి కిందిదాకా చదివాడు. గ్రంథాలయ పన్ను అని ఉంది. "పద్దెనిమిదేళ్ళబట్టి కడతన్నానండి ఇది" అని రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రింటరు పెట్టెలోంచి తీసి బల్ల కింద పడేసి, చెప్పులు తొడుక్కుంటూ అడిగాడు.

"మన లైబ్రరీ సాయంత్రం ఎన్నింటికి తీస్తారండీ?"