డ్రైవ్ లేకుండానే ప్లేట్ మీటర్ ఎగురుతుంటే: 807 లీనియర్ గురించి నా అనుభవం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో 40 మీటర్ల హ్యామ్ బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) కోసం రెండు 807 వాల్వులు పారలల్‌గా పెట్టి లీనియర్, అంటే ట్రాన్స్‌మిటర్ పవర్ పెంచే ఆంప్లిఫయర్, కట్టారు. దాని ముందు 10 వాట్ల బిటెక్స్ తరహా రిగ్ (ఇంట్లో కట్టుకునే చిన్న ట్రాన్స్‌సీవర్) ఉంది. ప్లేట్‌కు (వాల్వులో కరెంట్ చేరే ఎలక్ట్రోడ్) 600 వోల్టులు, స్క్రీన్‌కు (దాని ముందుండే సన్నటి తీగ గ్రిడ్) 300. డ్రైవ్ (రిగ్ నుంచి వచ్చే సిగ్నల్) ఇవ్వకముందే ట్యూనింగ్ కండెన్సర్ తిప్పుతుంటే ఒకచోట ప్లేట్ మీటర్ ఒక్కసారిగా ఎగురుతోంది. ఒక వాల్వ్ ప్లేట్ ఎర్రబడుతోంది. డ్రైవ్ ఇచ్చినా 15 వాట్లు దాటట్లేదు. వాల్వులు పోయాయా, కొత్తవి కొనాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. నేను విజయవాడ పటమటలో ఉంటాను. 807లతో, 811ఏలతో, 813తో ఆంప్లిఫయర్లు కట్టాను, స్నేహితులవి బాగుచేశాను. వాల్వ్ పోయిందని నా దగ్గరికి తెచ్చిన సెట్లలో ఎక్కువ వాటిలో వాల్వ్ నిక్షేపంగా ఉండేది. 807 చాలా మొండి వాల్వ్. 1936లో ఆర్‌సీఏ తెచ్చిన డిజైన్ ఇది. కాసేపు ప్లేట్ ఎర్రబడినంత మాత్రాన చచ్చిపోదు. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో మొదటిదే అసలు జబ్బు చెబుతోంది: డ్రైవ్ లేకుండా ప్లేట్ కరెంట్ ఎగిరిందంటే మీ ఆంప్లిఫయర్ తనంతట తానే ఆసిలేట్ అవుతోంది, అంటే ఇన్‌పుట్ లేకుండానే సిగ్నల్ పుట్టిస్తోంది. అది కుదుటపడేదాకా కొత్త వాల్వులు పెట్టినా వాటికీ ఇదే గతి.

పెట్టె మూత తీసే ముందు ఒక్క మాట. 600 వోల్టులంటే 813 వాళ్ల 2000 వోల్టుల ముందు చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రాణం తీయడానికి అది చాలు. మీ సప్లైలో 220 మైక్రోఫారడ్, 450 వోల్టుల కండెన్సర్లు రెండు సిరీస్‌లో ఉన్నాయనుకుందాం. కలిపితే 110 మైక్రోఫారడ్. 600 వోల్టుల దగ్గర అందులో దాదాపు 20 జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది. ఒక్కో కండెన్సర్ మీద 47 కిలో ఓమ్‌ల బ్లీడర్ (ఛార్జ్‌ను ఖాళీ చేసే రెసిస్టర్) ఉంటే స్విచ్ తీశాక అది దాదాపు ఖాళీ కావడానికి 50 సెకన్లు పడుతుంది. బ్లీడర్ తెగిపోయి ఉంటే గంటల తరబడి అలాగే ఉంటుంది. ఒక్కో బ్లీడర్‌లో దాదాపు 2 వాట్లు ఖర్చవుతాయి కాబట్టి 5 వాట్లది వాడండి, 2 వాట్లది వేస్తే తెగేది అదే. ప్లగ్ పీకి, ఒక నిమిషం ఆగి, ఎండు కర్ర చివర రాగి కొక్కెం కట్టి, దాన్ని మందపాటి వైరుతో ఛాసిస్‌కు కలిపి, ప్లేట్ టోపీకి తగిలించి అలాగే ఉంచి పని చేయండి. ఇంట్లో పెట్టిన లీకేజీ ట్రిప్పర్ మిమ్మల్ని కాపాడుతుందని అనుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు ఏం జరిగినా దానికి తెలియదు. కొలతలు తీసుకునేటప్పుడు కూడా పవర్ తీసి ఉండగానే మీటర్ క్లిప్పులు తగిలించి, చేతులు వెనక్కి తీసుకున్నాకే ఆన్ చేయండి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

ఇప్పుడు పరీక్ష. యాంటెనా తీసేసి డమ్మీ లోడ్, అంటే దాని బదులు పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్, పెట్టండి. ఒక్కోటి 1 కిలో ఓమ్, 3 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు 20 పారలల్‌గా సోల్డర్ చేస్తే 50 ఓమ్‌లు, 60 వాట్లు. మనకు సరిపోతుంది.

ముందు హీటర్. సాకెట్ పిన్నుల దగ్గర, వాల్వులు వెలుగుతుండగా, 6.3 వోల్టులు ఉండాలి. రెండు 807లు కలిపి 1.8 ఆంపులు లాగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 6.3 ఉండి సాకెట్ దగ్గర 5.6 చూపిస్తే వైరు సన్నం, లేదంటే సాకెట్ పట్టు వదిలేసింది. పాత బేకలైట్ సాకెట్లు మన కృష్ణా తేమకు తొందరగా పాడవుతాయి, దొరికితే సిరామిక్‌వి వేయండి.

తర్వాత బయాస్, అంటే గ్రిడ్‌కు ఇచ్చే నెగటివ్ వోల్టేజీ. ఇక్కడే మీ ఎర్రబడే వాల్వ్ సంగతి తేలుతుంది. ప్రతి వాల్వ్ కాథోడ్‌కూ ఛాసిస్‌కూ మధ్య విడివిడిగా 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. దాని మీద 180 మిల్లీవోల్టులు కనిపిస్తే ఆ వాల్వ్ 18 మిల్లీ ఆంపులు తీసుకుంటోందని అర్థం. డ్రైవ్ లేనప్పుడు ఒక్కోటీ 18 నుంచి 20 దగ్గర ఉండేలా గ్రిడ్ బయాస్‌ను మైనస్ 30, మైనస్ 35 వోల్టుల మధ్య సర్దండి. ఒకటి 18, ఇంకోటి 60 చూపిస్తే వాల్వులను సాకెట్లు మార్చి చూడండి. ఎక్కువ కరెంట్ వాల్వుతో పాటు వెళ్తే వాల్వ్ మీద అనుమానం. పాత సాకెట్ దగ్గరే ఉండిపోతే ఆ సాకెట్ గ్రిడ్ రెసిస్టర్ తెగిపోయింది, లేదా కప్లింగ్ కండెన్సర్ లీకవుతోంది. బయాస్ పాట్ (బయాస్ సర్దే వేరియబుల్ రెసిస్టర్) విషయంలో ఒక జాగ్రత్త: దాని నడిమి కాలు ఎప్పుడో ఒకప్పుడు అంటుకోవడం మానేస్తుంది. అప్పుడు గ్రిడ్‌కు బయాస్ పోయి, క్షణాల్లో ప్లేట్లు ఎర్రబడతాయి. నడిమి కాలు నుంచి నెగటివ్ చివరకు ఒక రెసిస్టర్ వేసి ఉంచితే పాట్ పాడైనా గ్రిడ్ పూర్తి నెగటివ్‌కు వెళ్లి వాల్వ్ మూసుకుంటుంది.

స్క్రీన్ 300 వోల్టులు ఎక్కడి నుంచి తీసుకున్నారో మీరు రాయలేదు. ఫిల్టర్ కండెన్సర్ల మధ్య జాయింట్ నుంచి తీసుకుని ఉంటే దాన్ని మార్చండి, నాకది అసలు నచ్చదు. స్క్రీన్ కరెంట్ మారినప్పుడల్లా రెండు కండెన్సర్ల మధ్య వోల్టేజీ అటూఇటూ అవుతుంది, మాట కూడా చెడుతుంది. వీఆర్150 గ్యాస్ వాల్వులు రెండు సిరీస్‌లో పెడితే సరిగ్గా 300 వస్తుంది. అవి వెలుగుతున్నంతసేపూ రెగ్యులేషన్ ఉన్నట్టే, మాట్లాడేటప్పుడు ఆరిపోతుంటే సిరీస్ రెసిస్టర్ తగ్గించాలి. ప్లేట్ వోల్టేజీ లేకుండా స్క్రీన్ వోల్టేజీ మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు. ప్లేట్‌కు వెళ్లాల్సిన కరెంటంతా స్క్రీన్ మీద పడి, ఆ సన్నటి తీగ కాలిపోతుంది.

ఇక అసలు రోగం. 807లో గ్రిడ్‌కూ ప్లేట్‌కూ మధ్య కెపాసిటెన్స్ చాలా తక్కువ, 0.2 పీకోఫారడ్ లోపే. గ్రిడ్ దగ్గర 50 ఓమ్‌ల లోడ్ పెట్టినప్పుడు 7 మెగాహెర్ట్జ్‌లో న్యూట్రలైజేషన్ (ప్లేట్ నుంచి గ్రిడ్‌కు తిరిగొచ్చే సిగ్నల్‌ను రద్దుచేసే ఏర్పాటు) లేకుండానే అది నిలకడగా ఉండాలి. కాబట్టి మీ ఆసిలేషన్ 7 మెగాహెర్ట్జ్‌లో కాదు, పైన ఎక్కడో 100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. అంత పైన నాలుగు అంగుళాల గ్రిడ్ వైరు, ప్లేట్ టోపీ నుంచి కండెన్సర్‌కు వెళ్లే వైరు, ఆ కండెన్సర్ ఛాసిస్ దారి, ఇవన్నీ కాయిల్సే. వాల్వ్ లోపలి కెపాసిటెన్స్‌తో కలిసి ఒక వీహెచ్‌ఎఫ్ ట్రాన్స్‌మిటర్ తయారవుతుంది. పక్కన ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్) పెట్టి చూస్తే మీటర్ ఎగిరిన క్షణంలోనే 80 నుంచి 200 మెగాహెర్ట్జ్ మధ్య ఎక్కడో సిగ్నల్ లేస్తుంది. అలా లేస్తే ఇంకా అనుమానం అక్కర్లేదు.

తెనాలి మిత్రుడొకరి సెట్‌లో సరిగ్గా మీ లక్షణాలే ఉండేవి. ఆయన వాల్వులు మారుస్తూ పోయారు, ఏమీ మారలేదు. విప్పి చూస్తే ప్లేట్ దగ్గరి పారసైటిక్ సప్రెసర్లకు (ఇలాంటి ఆసిలేషన్‌ను అణిచేవి) వైర్‌వౌండ్ రెసిస్టర్లు వేసి ఉన్నాయి. చూడ్డానికి గట్టిగానే ఉన్నాయి కానీ వైర్‌వౌండ్ అంటే లోపల మళ్లీ కాయిలే, అది సప్రెసర్ పని చేయదు. వాటిని తీసి, ప్రతి ప్లేట్ టోపీ దగ్గరా 47 ఓమ్‌లు, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్ మీద మందపాటి ఎనామెల్ తీగ నాలుగు చుట్లు చుట్టి పెట్టాం. రెండు వాల్వులకూ వేర్వేరుగా వేయాలి, కలిపి ఒక్కటి వేస్తే వాల్వులు ఒకదానితో ఒకటి ఆడతాయి. తర్వాత ప్రతి స్క్రీన్ పిన్ మీదే 47 ఓమ్‌లు, ప్రతి గ్రిడ్ పిన్ మీదే 47 ఓమ్‌లు వేశాం. పిన్ను మీదే అంటే రెసిస్టర్ కాలు పావు అంగుళం కంటే ఎక్కువ ఉండకుండా. స్క్రీన్ బైపాస్ కండెన్సర్లను పొట్టి కాళ్లతో సాకెట్ పక్కనే ఛాసిస్‌కు దింపాం. గ్రిడ్ సర్క్యూట్ అంతా ఛాసిస్ కింద, ప్లేట్ సర్క్యూట్ అంతా పైన, మధ్యలో అల్యూమినియం. ఆ సాయంత్రం కండెన్సర్లు రెండూ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినా మీటర్ ముల్లు కదల్లేదు. పాత వాల్వులే మళ్లీ పెట్టి చూస్తే అవీ చక్కగా పనిచేశాయి.

మీరూ ఇదే చేసి, డ్రైవ్ లేకుండా తిప్పి చూడండి. వీలైతే మొదట తక్కువ ప్లేట్ వోల్టేజీతో మొదలుపెట్టండి, స్క్రీన్‌ను కూడా అదే పాళ్లలో తగ్గించాలి. ముల్లు కదలకుండా నిలబడేదాకా డ్రైవ్ జోలికి వెళ్లొద్దు.

అవుట్‌పుట్ 15 వాట్లే రావడానికి సగం కారణం ఈ ఆసిలేషనే కావచ్చు, మిగతా సగం ట్యాంక్‌లో, అంటే ప్లేట్ వైపు కాయిల్, కండెన్సర్ల ట్యూనింగ్ సర్క్యూట్‌లో, ఉండొచ్చు. 10 వాట్ల రిగ్‌తో మీకొక సౌలభ్యం ఉంది. 50 ఓమ్‌ల మీద 10 వాట్లంటే పీక్ 31.6 వోల్టులు. బయాస్ మైనస్ 32 దగ్గర ఉంటే డ్రైవ్ పీక్‌లో గ్రిడ్ దాదాపు సున్నా దాకా వచ్చి ఆగుతుంది. గ్రిడ్ కరెంట్ రాదు, ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అక్కర్లేదు. ఈ పద్ధతిలో రెండు వాల్వులూ కలిపి సుమారు 140 మిల్లీ ఆంపులు తీసుకుని 50 వాట్ల దరిదాపుల్లో ఇస్తాయి. ప్లేట్ లోడ్ కోసం 600ని, 1.5 రెట్ల 0.14తో భాగిస్తే దాదాపు 2850 ఓమ్‌లు. క్యూ (ట్యూనింగ్ ఎంత పదునో చెప్పే అంకె) 12 అనుకుంటే 7.1 మెగాహెర్ట్జ్‌లో ప్లేట్ వైపు కండెన్సర్ 95 పీకోఫారడ్, కాయిల్ 5.8 మైక్రోహెన్రీ, యాంటెనా వైపు కండెన్సర్ 560 పీకోఫారడ్ వస్తాయి. రెండు అంగుళాల వ్యాసంతో, అంగుళానికి 8 చుట్ల చొప్పున 12 చుట్లు వేస్తే 6 మైక్రోహెన్రీ దగ్గరికి వస్తుంది. 14 గేజి రాగి తీగ చాలు.

యాంటెనా వైపు పాత రేడియో గ్యాంగ్ కండెన్సర్ రెండు సెక్షన్లూ కలిపి వాడొచ్చు. ప్లేట్ వైపు మాత్రం దాన్ని మామూలుగా వేస్తే రేకుల మధ్య నిప్పు దూకుతుంది. రెండు సెక్షన్లను సిరీస్‌లో వాడి, ఫ్రేమ్‌ను ఛాసిస్‌కు తగలకుండా ఎత్తి పెడితే తట్టుకుంటుంది. అప్పుడు షాఫ్ట్ మీద కూడా ఆర్‌ఎఫ్ ఉంటుంది కాబట్టి నాబ్‌కు మధ్యలో ప్లాస్టిక్ కప్లింగ్ తప్పనిసరి.

ట్యూన్ చేసేటప్పుడు యాంటెనా వైపు కండెన్సర్ పూర్తిగా మూసి, కొంచెం డ్రైవ్ ఇచ్చి, ప్లేట్ వైపు కండెన్సర్‌తో డిప్, అంటే ప్లేట్ కరెంట్ తగ్గే చోటు, పట్టుకోండి. తర్వాత యాంటెనా వైపుది కొంచెం తెరిచి మళ్లీ డిప్. ఇలా చేస్తూ పోతే డిప్ లోతు తగ్గుతూ పవర్ పెరుగుతుంది. ప్లేట్ కండెన్సర్ దాదాపు పూర్తిగా తెరిచిన చోట డిప్ దొరికితే సంబరపడొద్దు. మీ ట్యాంక్ రెండో హార్మోనిక్‌కు, అంటే 14 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ అయింది. 15 వాట్ల రహస్యం అదే కావచ్చు.

అవుట్‌పుట్ సాకెట్ నుంచి ఛాసిస్‌కు 2.5 మిల్లీహెన్రీ చోక్ ఉందో లేదో చూడండి. ప్లేట్ బ్లాకింగ్ కండెన్సర్ షార్ట్ అయితే 600 వోల్టులు నేరుగా మీ డాబా మీది యాంటెనా తీగలోకి వెళ్తాయి. ఆ చోక్ ఉంటే ఫ్యూజ్ పోతుంది. డాబా మీద బట్టలు ఆరేసేది మన ఇంటివాళ్లే, ఈ ఒక్కటి లేకుండా ఎవరూ వాల్వ్ ఆంప్లిఫయర్‌ను యాంటెనాకు కలపకూడదు.

ఇవన్నీ అయ్యాకే వాల్వ్ మీదికి రండి. గాజు లోపలి గోడ మీద నీలి కాంతి ఉంటే భయం లేదు, అది బాగున్న వాల్వులోనూ ఉంటుంది. ఎలక్ట్రోడ్ల మధ్య ఊదా, గులాబీ రంగు పొగలాంటి వెలుగు ఉంటే గ్యాస్ చేరింది. గాజు మీది వెండి పూత తెల్లబడితే గాలి జొరబడింది, ఆ వాల్వ్ అయిపోయినట్టే. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న వాల్వుకు మొదట కొన్ని గంటలు హీటర్ ఒక్కటే ఇచ్చి, ఆ తర్వాతే ప్లేట్ వోల్టేజీ ఇవ్వండి.

షీట్ మెటల్ పని, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ కావాలంటే ఒక ఆదివారం కాకుండా మామూలు రోజు మా ఆటోనగర్‌కు రండి. ఛాసిస్ కత్తిరించి, వాల్వ్ సాకెట్ల రంధ్రాలు శుభ్రంగా వేసిచ్చే చేతులు అక్కడ ఉన్నాయి. రోహిణి కార్తెలో మన రెండు ఊళ్ల వేడినీ లెక్కలో వేసుకోండి. ఏమీ మాట్లాడకపోయినా మీ పెట్టెలో 30 వాట్లకు పైగా వేడి పుడుతుంది. వాల్వులకు అది లెక్క కాదు కానీ పక్కనే ఉన్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లకు లెక్కే. వాటిని దూరంగా జరిపి, ఒక కంప్యూటర్ ఫ్యాన్ పెట్టండి.

ఇంత శ్రమ దేనికని ఇంట్లో అడిగితే: 10 వాట్ల నుంచి 50కి వెళ్తే 7 డెసిబెల్స్, అంటే రిసీవర్ సిగ్నల్ మీటర్ మీద ఒక ఎస్ యూనిట్‌కు కాస్త ఎక్కువ. మే నెల ఉరుముల గరగరలో మన మాట అవతలివాళ్లకు అర్థమవడానికీ కాకపోవడానికీ తేడా అదే. మీ లైసెన్స్‌లో రాసిన పవర్ పరిమితి ఒకసారి చూసుకోండి.

కాథోడ్ రెసిస్టర్ల మీద విడివిడిగా వచ్చిన మిల్లీవోల్టులు, డ్రైవ్ లేకుండా తిప్పినప్పుడు ముల్లు ఎంత దాకా ఎగిరింది, డిప్ దొరికినప్పుడు ప్లేట్ కండెన్సర్ ఎంత మేర మూసి ఉంది, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఛాసిస్ కింది భాగం ఫొటో కూడా పెడితే వైర్ల పొడవు చూసి చెబుతాను. 73 (హ్యాముల భాషలో శుభాకాంక్షలు).