మూలాన్ రూజ్ బోర్డు కథ

ప్రశ్న: లాస్ వేగాస్ నియాన్ మ్యూజియంలో మూలాన్ రూజ్ హోటల్ బోర్డుకు అంత గుర్తింపు ఎందుకు? ఇలాంటి పాత బోర్డుల్ని ఎలా వెలిగిస్తారు?

జవాబు: 1950ల మొదట్లో లాస్ వేగాస్‌లో పెద్ద కాసినో హోటళ్లుండే రోడ్డయిన స్ట్రిప్ హోటళ్లలో పాడి చప్పట్లు కొట్టించుకున్న నల్లజాతి కళాకారులకు అదే హోటల్లో గది ఇచ్చేవారు కారు. ప్రదర్శన ముగియగానే నల్లజాతివారు ఉండే వెస్ట్‌సైడ్ పేటకి వెళ్లి హారిసన్ హౌస్ లాంటి ఇళ్లలో అద్దెకు దిగాల్సిందే. ఎంత అన్యాయం! 1955 మేలో తెరిచిన మూలాన్ రూజ్ మాత్రం అందరినీ రానిచ్చింది. స్ట్రిప్‌లో పని ముగించుకున్న తారలు అర్ధరాత్రి దాటాక జరిగే షోకి అక్కడ చేరేవారు. ఆ హోటల్ ఆరు నెలలకే మూతపడింది. అయినా 1960 మార్చిలో, స్ట్రిప్‌లో వివక్షకు తెరదించిన ఒప్పందం కుదిరింది అక్కడే.

ఆ బోర్డు రూపకర్త బెట్టీ విల్లిస్. వెలుగు సంగతికొస్తే, గాజు గొట్టంలో గాలి లాగేసి నియాన్ వాయువు నింపి కరెంటు పంపితే ఎర్ర నారింజ రంగు, ఆర్గాన్ వాయువుకు పాదరసం చుక్క కలిపితే నీలం వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ 15,000 వోల్టుల దాకా ఇస్తుంది. వెంట్రుకంత పగులు పడినా గాలి చొరబడి వెలుగు ఆగిపోతుంది. అప్పుడు పగిలిన ముక్క తీసి, కొత్త గాజు అతికి, గొట్టాన్ని బాగా వేడెక్కించి మలినాలు లాగేశాకే వాయువు నింపాలి. ఈ పని తొందరలో చేస్తే రంగు త్వరగా మసకబారుతుంది.